మే 3న మొదలయ్యే ఉత్తరాలు

మే 3న ఒక కుర్ర లాయరు రాసుకున్న డైరీ పేజీ ఈమెయిల్‌లో వస్తుంది. అతని పేరు జొనాథన్ హార్కర్. మ్యూనిక్, వియన్నా, బుడాపెస్ట్‌ల మీదుగా ప్రయాణించి ట్రాన్సిల్వేనియాలోని బిస్ట్రిట్జ్ అనే ఊరు చేరాడు. దారిలో ఒక హోటల్లో తిన్న ఎర్రకారం కోడికూర చాలా బాగుందనీ, తిన్నాక దాహం మాత్రం ఆగలేదనీ, ఎలా వండుతారో కనుక్కుని పెళ్లి చేసుకోబోయే మీనాకు చెప్పాలనీ రాసుకున్నాడు. ఆ కొండల్లో ఉండే జమీందారు ఒకాయన ఇంగ్లండులో ఇల్లు కొంటున్నాడు. ఆ వ్యవహారం చక్కబెట్టడానికే హార్కర్ వెళ్తున్నాడు. జమీందారు పేరు కౌంట్ డ్రాకులా. ఆ పేజీ అందుకున్న లక్షల మందికీ ఆయన ఎవరో తెలుసు. పాపం, హార్కర్ ఒక్కడికే తెలీదు.

బ్రామ్ స్టోకర్ 'డ్రాకులా' నవల అచ్చయింది 1897 మే నెలలో. మన గురజాడ 'కన్యాశుల్కం' తొలి కూర్పు వెలువడిందీ అదే ఏడాది. డ్రాకులాను సినిమాల్లో చూసినవాళ్లు కోట్ల మంది ఉంటారు కానీ పుస్తకం చదివినవాళ్లు తక్కువ. చదవనివాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. ఆ నవలలో కథ చెప్పేవాడంటూ ఒకడు లేడు. అంతా డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పేపరు కత్తిరింపులు, ఒక డాక్టరు ఫోనోగ్రాఫులో చెప్పుకున్న మాటలు. దాదాపు ప్రతిదానికీ తేదీ ఉంటుంది. మే 3న మొదలై నవంబరు మొదటి వారానికి కథ ముగుస్తుంది.

అమెరికాలోని మాట్ కిర్క్‌లండ్ అనే వెబ్ డిజైనరుకు 2021లో ఈ తేదీలను చూసి ఒక ఆలోచన వచ్చింది. ఏ తేదీన రాసిన పేజీని ఆ తేదీనే పాఠకులకు పంపిస్తే? అలా పుట్టిందే 'డ్రాకులా డెయిలీ'. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. మే 3 పేజీ మే 3న వస్తుంది, మే 4 పేజీ మే 4న. నవలలో ఎవరూ ఏమీ రాయని రోజున పాఠకుడికీ ఏమీ రాదు. మొదటి ఏడాది కొద్దిమందే చేరారు. 2022లో టంబ్లర్ అనే సామాజిక మాధ్యమంలో అభిమానుల కంట పడేసరికి చందాదారులు రెండు లక్షలు దాటారు.

చేసిన మార్పు చిన్నది. దానివల్ల చదివే అనుభవం మొత్తం మారిపోయింది. పుస్తకంలో హార్కర్ డైరీ మొదటి నాలుగు అధ్యాయాలూ వరసగా ఉంటుంది. ఆ తర్వాతే కథ వెనక్కి, ఇంగ్లండులో ఉన్న మీనా, ఆమె స్నేహితురాలు లూసీ దగ్గరికి వెళ్తుంది. తేదీల ప్రకారం చదివితే ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి వచ్చిపడతాయి. ఆ కోటలోంచి బయటపడే దారి లేక హార్కర్ విలవిల్లాడుతున్న మే నెలాఖరులోనే, ఒకే రోజు ముగ్గురు తనను పెళ్లి చేసుకోమని అడిగారంటూ లూసీ సంబరపడుతూ రాసిన ఉత్తరం వస్తుంది. అటు పీడకల, ఇటు పెళ్లి కబుర్లు. రెండూ ఒకే పెట్టెలోకి వస్తుంటే పాఠకుడికి ఊపిరాడదు.

ఇంకో ఉదాహరణ. డ్రాకులాను ఇంగ్లండు చేర్చిన డిమీటర్ ఓడ కథ పుస్తకంలో ఒకేచోట, పేపరు కత్తిరింపుగా ఉంటుంది. ఒక్క గుక్కలో చదివేస్తాం. డెయిలీలో మాత్రం ఆ ఓడ కెప్టెన్ రాసిన లాగ్ జులై 6 నుంచి రోజుల వారీగా అందుతుంది. ఒక్కో నావికుడూ మాయమవుతున్న కబురు విడతలుగా, దాదాపు నెలపాటు వస్తుంది. ఇవాళ ఎవరు పోయారోనన్న భయంతో ఉదయాన్నే ఫోన్ తెరిచేవాళ్లు ఎందరో. ఇక జూన్ 30 తర్వాత హార్కర్ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. బతికే ఉన్నాడని తెలిసేది ఆగస్టులోనే. ఈ నవల వచ్చి 125 ఏళ్లు గడిచిందనీ, లైబ్రరీకి వెళ్తే చివరి పేజీ చదివేయొచ్చనీ తెలిసి కూడా ఆ ఆరు వారాలూ జనం అతని కోసం కంగారు పడ్డారు. తెలుగువారికి ఈ అనుభవం కొత్తది కాదు. వారపత్రికలో సీరియల్ 'ఇంకా ఉంది' అని ఆగినచోట వారం రోజులు గడపడం రెండు మూడు తరాల పాఠకులకు తెలుసు. పత్రిక వచ్చిన రోజు ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న దానిమీద తగువులూ తెలుసు.

అయితే ఆ సీరియల్ పాఠకుల దగ్గర లేనిదొకటి ఈ పాఠకుల దగ్గర ఉంది. తాము ఊహించుకున్నదాన్ని బొమ్మగా గీసి అదే రోజు వేలమందికి చూపించే వీలు. 2022 వేసవిలో వచ్చిన డ్రాకులా బొమ్మల్లో కోరలూ నెత్తురూ ఉన్నవి ఎన్నో, రోజువారీ బతుకు ఉన్నవీ అన్ని. కారం కోడికూర తింటూ చెమటలు పట్టిన హార్కర్. పెద్ద టోపీ, నడుముకు కత్తితో టెక్సాస్ వాడైన క్విన్సీ మారిస్. గోడ మీద బల్లిలా పాకే ముసలి కౌంటు. కొందరు ఆ కోడికూర నిజంగానే వండుకుని ఫొటోలు పెట్టారు. టంబ్లర్ పేజీలో ఆ ఫొటో కింద ఎవరిదో పరీక్షల బెంగ, దాని కింద పెంపుడు పిల్లి, ఆ కింద మళ్లీ హార్కర్. ఒక పాత్ర ఇలా మనిషి దినచర్యలో కలిసిపోవడమే ఈ బొమ్మల ఆకర్షణ అంతా.

ఈ బొమ్మలు మీనాకు చేసిన న్యాయం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1992లో వచ్చిన కొపొలా సినిమాతో సహా కొన్ని సినిమాలు ఆమెను డ్రాకులా ప్రేయసిగా మార్చేశాయి. స్టోకర్ రాసిన మీనా అలాంటిది కాదు. టైపింగు నేర్చుకుంది, షార్ట్‌హ్యాండు నేర్చుకుంది, రైళ్ల వేళలు కంఠతా పట్టింది. అందరి డైరీలూ ఉత్తరాలూ సేకరించి, టైపు చేసి, తేదీల వరసలో పేర్చింది కూడా ఆమే. అలా పేర్చాకే డ్రాకులా ఎక్కడున్నాడో, ఎలా పట్టుకోవాలో మిగిలినవాళ్లకు అర్థమైంది. కిర్క్‌లండ్ 2021లో చేసిన పని నవలలో మీనా ఎప్పుడో చేసి పెట్టిందన్నమాట. తేదీల ప్రకారం చదివినవాళ్లు ఈ సంగతి గుర్తుపట్టారు. టైపు మిషను ముందు కూర్చున్న మీనాను ఇష్టంగా గీశారు. సినిమాలు మరుగున పడేసిన పాత్రను మామూలు పాఠకులు మళ్లీ వెలుగులోకి తెచ్చారు. విమర్శకులు చేయాల్సిన పని ఇది. 2023లో కిర్క్‌లండ్ దీన్నంతా పుస్తకంగా వేసినప్పుడు స్టోకర్ పేజీల పక్కనే ఈ పాఠకుల వ్యాఖ్యలకూ చోటిచ్చాడు. ఈ పద్ధతి చూసి షెర్లాక్ హోమ్స్ కథలనూ, 'మోబీ డిక్' నవలనూ విడతలుగా ఈమెయిల్లో పంపేవాళ్లు బయల్దేరారు.

హోమ్స్ పేరు వచ్చింది కాబట్టి, ఈ అభిమానం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదని గుర్తు చేసుకోవాలి. 1893 డిసెంబరులో కానన్ డాయిల్ తన డిటెక్టివ్‌ను స్విట్జర్లాండులోని జలపాతంలో పడేసి చంపేశాడు. పాఠకులు కోపంతో ఉత్తరాలు రాశారు, పత్రిక చందాలు మానేశారు. పదేళ్లకు, 1903లో, అతన్ని తిరిగి బతికించక తప్పలేదు. హోమ్స్ ఉండే 221బి బేకర్ స్ట్రీట్ కథలు రాసేనాటికి లేని చిరునామా. తర్వాత వీధి పొడవు పెరిగి, 1932లో ఆ స్థలంలో, ఆ తర్వాత అబ్బే నేషనల్‌గా పేరు మారిన ఆర్థిక సంస్థ ఆఫీసు వెలిసింది. హోమ్స్ పేర వచ్చే ఉత్తరాలకు జవాబు రాయడానికి ఆ సంస్థ ప్రత్యేకంగా ఒక సెక్రటరీని పెట్టుకోవాల్సి వచ్చింది.

1966లో అమెరికా టీవీలో 'స్టార్ ట్రెక్' మొదలైంది. మరుసటి ఏడాదికే అభిమానులు 'స్పాకనేలియా' అనే చిన్న పత్రిక తెచ్చారు. తమకిష్టమైన స్పాక్ పాత్ర మీద వ్యాసాలు, కథలు, బొమ్మలు స్వయంగా తయారుచేసి పోస్టులో పంపుకున్నారు. మన దగ్గర లిఖిత పత్రికలు నడిపినవాళ్లకు ఆ శ్రమా ఆ సంతోషమూ చెప్పక్కర్లేదు. ఆ పత్రికల్లో రాసినవాళ్లలో, గీసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. 1975 డిసెంబరులో టోక్యోలో 32 బృందాలు కలిసి తమ సొంత బొమ్మల పుస్తకాలు అమ్ముకునే సంత పెట్టుకున్నాయి. 'కామికెట్' అనే ఆ సంతకు ఇప్పుడు లక్షల్లో జనం వస్తారు.

తమ రాతలు తమ చేతుల్లోనే ఉండాలన్న పట్టుదలతో అభిమానులు కట్టుకున్న ఇల్లు 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్'. అభిమానుల కథలతో వ్యాపారం చేద్దామని 2007లో ఒక కంపెనీ ముందుకొచ్చింది. రాసేవాళ్లకు అది నచ్చలేదు. అదే ఏడాది ఒక సైటులో వాళ్ల పేజీలు చెప్పాపెట్టకుండా మాయమయ్యాయి కూడా. ఇక లాభం లేదని నవలా రచయిత్రి నయోమి నోవిక్ తదితరులు సొంత సంస్థ పెట్టుకున్నారు. 2009 నవంబరులో ఆ గ్రంథాలయం తెరుచుకుంది. అందులో ప్రకటనలుండవు. నడిపేది వలంటీర్లు, ఖర్చు భరించేది విరాళాలు. ఇప్పుడక్కడ కోటికి పైగా రచనలున్నాయి. 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డుల్లో ఒకటి దానికి దక్కింది. పైసా ఆశించకుండా రాసే లక్షల మందికి దక్కిన గౌరవం అది.

ఒకరి పాత్రను తీసుకుని ఇంకొకరు కథ అల్లడం తెలుగు నేల మీద తప్పుగా చూసిన పని ఎన్నడూ కాదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అయినా 'మాయాబజార్' చూసిన తెలుగువాడికి అభిమన్యుడి పక్కన ముందు గుర్తొచ్చేది ఆమే. వాల్మీకి రెండు మాటలు చెప్పి వదిలేసిన ఊర్మిళను మన ఆడవాళ్లు పాటల్లో పద్నాలుగేళ్లు నిద్రపుచ్చారు. వనవాసం నుంచి తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి పరాయివాడనుకుని ఆమె చేత గట్టిగా చీవాట్లు పెట్టించారు. ఓల్గా 'విముక్త' కథల్లో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ తమ మాట తాము చెప్పుకున్నారు. ఆ పుస్తకానికి 2015లో సాహిత్య అకాదెమీ పురస్కారం వచ్చింది. ఇతిహాసాలకు కాపీరైటు లేదు, భక్తి వేరు, అభిమానం వేరు. నిజమే. కానీ పాత్ర మీద ఇష్టం కొద్దీ, రచయిత చెప్పని చోట నిలబడి, ఆ తర్వాత ఏమై ఉంటుందని అడిగే గుణం రెండిట్లోనూ ఒక్కటే.

ఆ గుణమే 'ఆర్ఆర్ఆర్'ను నడిపించింది. అల్లూరి సీతారామరాజు 1924లో నేలకొరిగాడు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. ఇద్దరూ చరిత్రలో ఎన్నడూ కలుసుకోలేదు. కలిసి ఉంటే? అన్న ఊహే రాజమౌళి సినిమా. రెండు వేర్వేరు కథల్లోని నాయకుల్ని ఒకచోట చేర్చడం అభిమాన రచయితలకు అత్యంత ఇష్టమైన పద్ధతి. అందుకే కాబోలు, 2022లో సినిమా వచ్చాక రామ్, భీమ్‌ల స్నేహం మీద దేశదేశాల నుంచి బొమ్మలూ కథలూ వెల్లువెత్తాయి. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు సబ్‌టైటిళ్లు చదువుకుంటూ ఆ ఇద్దర్నీ గీశారు.

జపాన్ సంగతి మరీ ముచ్చట. అక్కడ 'బాహుబలి' ఆడినప్పుడే ప్రేక్షకులు పాత్రల వేషాలు వేసుకొచ్చి, హాల్లో గొంతెత్తి జేజేలు కొట్టేందుకు ప్రత్యేక ఆటలు వేశారు. 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' విడుదలయ్యాక, రజనీకాంత్ 'ముత్తు' 1998లో అక్కడ నెలకొల్పిన వసూళ్ల రికార్డు చెరిగిపోయింది. మంగా శైలిలో గీసిన రామ్, భీమ్‌లు ఆన్‌లైన్‌లో తిరిగారు. 2024 జనవరిలో, అన్ని పాత్రలనూ ఆడవాళ్లే వేసే తకరాజుకా నాటక సంస్థ ఈ కథను రంగస్థలం మీదికి ఎక్కించింది. ఆ ఏడాది మార్చిలో రాజమౌళి జపాన్ వెళ్తే 83 ఏళ్ల అభిమాని ఒకావిడ తన చేత్తో మడిచిన వెయ్యి కాగితపు కొంగల్ని ఆయనకు బహూకరించింది. ఆరోగ్యం, అదృష్టం కలగాలని కోరుకుంటూ వాళ్లు చేసే కానుక అది. మన్యం వీరుడి కథ, గోండు వీరుడి కథ ఒక జపాను ముత్తవ్వ ఇంట్లో చోటు సంపాదించుకున్నాయంటే, ఏ ప్రభుత్వ ప్రచారమూ సాధించలేనిది అభిమానం సాధించిందన్నమాట.

అసలు సినిమానే లేకుండా అభిమానులు పుట్టుకొచ్చిన వింత కూడా జరిగింది. ఒక జత బూట్ల మీద ముద్రించిన లేబుల్‌లో 'గొంచరొవ్' అనే మాఫియా సినిమా పేరు ఉన్న ఫొటో కొన్నేళ్లు టంబ్లర్‌లో తిరిగింది. 2022 నవంబరులో ఎవరో దానికి 1973 నాటి స్కార్సేసీ సినిమాలా పోస్టరు గీశారు. అంతే. రోజుల్లో వేలమంది కలిసి కథ అల్లారు, పాత్రలు పుట్టించారు, నేపథ్య సంగీతం కట్టారు, లేని సన్నివేశాల మీద గంభీరమైన సమీక్షలు రాశారు. మార్టిన్ స్కార్సేసీని ఆయన కూతురే అడిగితే, అవును, ఆ సినిమా ఎప్పుడో తీశానని ఆయనా జవాబిచ్చాడు. ఒకరినొకరు ఎరగని మనుషులు ఒక్క రూపాయి లాభం లేకుండా ఇంత పెద్ద కల్పనను కలిసి కట్టడం ఈ కాలపు జానపదమే.

ఇంత ఆనందమిచ్చే ఈ పనిలో గీసేవాళ్లకు అన్యాయం కూడా జరుగుతోంది. దాన్ని దాటేసి వెళ్లడం తప్పు. ఒక అమ్మాయి రాత్రంతా కూర్చుని గీసిన బొమ్మను ఎవరో కింద సంతకం కత్తిరించి తమ పేజీలో పెట్టుకుంటారు. అక్కడి నుంచి అది వాట్సాప్ గ్రూపులకు పాకుతుంది. వారం తిరిగేసరికి ఆ బొమ్మ ఎవరిదో చెప్పగలిగేవాడు ఉండడు. బాపు బొమ్మను సంతకం లేకుండా ఊహించలేని జాతి మనది. ఆ మర్యాద కొత్తగా గీసే పిల్లలకూ దక్కాలి. 2022 నవంబరులో డీవియంట్‌ఆర్ట్ అనే బొమ్మల సైటు కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే పరికరం తెచ్చింది. తమ బొమ్మలు అడక్కుండానే ఇలాంటి యంత్రాలకు పాఠాలుగా వెళ్లిపోతాయా అని గీసేవాళ్లు భగ్గుమన్నారు. వద్దని ఎవరికి వారు విడివిడిగా చెప్పుకోవాల్సిన పద్ధతిని ఆ సైటు వెంటనే మార్చుకోవాల్సి వచ్చింది. గట్టిగా అడిగితే ఫలితం ఉంటుందనడానికి అదొక దాఖలా.

చట్టం సంగతీ తెలుసుకుని ఉండాలి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికినన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ రచన మీద హక్కు ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు. గిరీశాన్ని, మధురవాణిని ఎవరైనా గీసుకోవచ్చు, కొత్త కథలో పెట్టుకోవచ్చు, పుస్తకంగా అమ్ముకోవచ్చు. ముళ్లపూడి, బాపుల బుడుగు విషయం అలా కాదు. సొంత ముచ్చట కోసం నోట్‌బుక్కులో గీసుకుంటే అడిగేవాడు లేడు. అదే బుడుగును చొక్కాల మీద వేసి అమ్మితే హక్కుదారుల అనుమతి కావాలి. అభిమానుల బొమ్మలకంటూ మన చట్టంలో విడిగా మినహాయింపు లేదు. కాబట్టి అమ్మకం దగ్గర జాగ్రత్త అవసరం.

హక్కుల గొడవ లేని నిధులు తెలుగులో ఎన్నో ఉన్నాయి. తేదీలతో సహా సిద్ధంగా ఉన్నది ఒకటుంది. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరాడు. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా వెంట 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఏ ఊళ్లో దుకాణాలున్నాయి, ఎక్కడ నీళ్లు మంచివి, దారి ఎలా ఉంది, రాత్రి ఎక్కడ దిగొచ్చు అన్నీ రాసి, మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపుతూ వచ్చాడు. పిళ్లె వాటిని దాచి 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. తెలుగువాళ్ల రోజువారీ బతుకు, తిండి, దారులు, భయాలు ఇంత వివరంగా దొరికే పుస్తకం ఆ కాలానిది ఇంకొకటి చూపించడం కష్టం.

హార్కర్ కల్పన, వీరాస్వామయ్య నిజం. ఏ తేదీ మజిలీని ఆ తేదీన పంచుకోవడానికి ఒక మనిషి, ఒక ఫోను చాలు. వాటికి బొమ్మలు గీయగల పిల్లలు విజయనగరంలో ఉన్నారు, వరంగల్‌లో ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. అహోబిలం అడవి దారి, నాటి హైదరాబాదు వీధులు, గంగ ఒడ్డున దిగిన బస ఒక్కొక్కరూ తమ తీరున గీయొచ్చు. 2030 మే 18కి ఆ యాత్ర మొదలై సరిగ్గా 200 ఏళ్లు. పుస్తకం చదివి, మజిలీలు పంచుకుని, బొమ్మలు వేసి సిద్ధం కావడానికి తగినంత సమయం ఉంది. ఆసక్తి ఉన్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టాలి. గీసినవాళ్ల సంతకం మాత్రం బొమ్మ మీద ఉంచాలి.